పొద్దున్నే ట్రాక్టరు మొరాయిస్తే

(పాల సంఘాల కార్యదర్శులు, సభ్యుల శిక్షణ సమావేశంలో యంత్రాల విభాగం తరపున చేసిన ప్రసంగ పాఠం)



పాల వాళ్ళ సమావేశంలో ట్రాక్టరు సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. రోడ్డుకు దూరంగా ఉన్న శివారు పల్లెల నుంచి పాల క్యాన్లు రూటు లారీ దాకా చేరేది చాలాచోట్ల ట్రాక్టరు ట్రాలీలోనే. పచ్చిమేత ఇంటికి వచ్చేదీ అందులోనే. పాలు పొదుగు నుంచి దిగేటప్పుడు ఇంచుమించు 37 డిగ్రీల వేడిలో ఉంటాయి. 4 డిగ్రీలకు చల్లబరచే దాకా వాటిలో సూక్ష్మజీవులు పెరుగుతూనే ఉంటాయి. బండి చెడిపోయింది, కాస్త ఆగండి అంటే అవి ఆగవు గదా.

ఒక వేసవిలో మేము ఒక సంఘానికి వెళ్ళిన రోజునే ఇలా జరిగింది. తెల్లవారి ఐదున్నరకు ట్రాలీలోకి తొమ్మిది క్యాన్లు ఎక్కించారు. తాళం తిప్పితే సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజను మాత్రం అందుకోవడం లేదు. తిప్పి తిప్పి బ్యాటరీ కాస్తా దింపేశారు. మెకానిక్కు పట్నం నుంచి రావాలి. అతడు వచ్చేసరికి తొమ్మిదిన్నర దాటింది. వచ్చి చేసిన పని ఏమిటంటే, ఇంజను ఆపే నాబ్‌ను లోపలికి నెట్టి, వేరే బ్యాటరీ తగిలించి తాళం తిప్పడం. రాత్రి బండి ఆపినవారు ఆ నాబ్ లాగి అలాగే వదిలేశారు. అది బయటికి ఉన్నంతసేపూ పంపు డీజిల్ వదలదు. పక్కనే నిలబడ్డ మేము కూడా దాన్ని చూడలేదు. పంపు విప్పుదామా, నాజిల్స్ విప్పుదామా అని పెద్ద పెద్ద ఆలోచనలు చేస్తున్నాం! శీతల కేంద్రంలో కాచి చూసే పరీక్షలో ఆ పాలు విరిగాయి. తొమ్మిది క్యాన్లంటే 360 లీటర్లు. ఆ పూట నష్టం ఒక్క గేదె ఉన్న ఇళ్ళవారికి కూడా పడింది. ఆ రోజు నుంచి మేము పానా పట్టుకునే ముందు చేతులు వెనక్కి కట్టుకుని బండి చుట్టూ ఒకసారి తిరుగుతున్నాం.

అలా తిరిగేటప్పుడు చూడవలసినవి కొద్దే. ఆపే నాబ్ లోపల ఉందా, ట్యాంకులో డీజిల్ ఉందా, ట్యాంకు కింద కాక్ తెరిచి ఉందా, గేరు న్యూట్రల్‌లో ఉందా. కొన్ని బండ్లకు క్లచ్ పూర్తిగా తొక్కితేగాని సెల్ఫ్ తిరగకుండా రక్షణ స్విచ్చి ఉంటుంది. తొక్కకుండా తాళం తిప్పి బ్యాటరీని తిట్టేవారు ఉన్నారు.

ఆ తర్వాత చెవి పెట్టి వినాలి. సెల్ఫ్ తిరగడం లేదా, లేక తిరుగుతున్నా ఇంజను అందుకోవడం లేదా? ఈ రెండూ వేరు వేరు జబ్బులు.

సెల్ఫ్ తిరగకుండా టక్కుమని ఊరుకుంటే దీపాలు వేసి తాళం తిప్పండి. దీపాలు బాగా మందగిస్తే బ్యాటరీ దిగి ఉండాలి, లేదా టెర్మినల్ వదులై ఉండాలి. దీపాలు ఏమాత్రం తగ్గకపోతే స్విచ్చి వైపు, తీగల వైపు చూడాలి. టెర్మినల్ మీద తెల్లగానో పచ్చగానో పొడి పేరుకుంటే విప్పి, వేడినీళ్ళతో కడిగి, ఉప్పుకాగితంతో రుద్ది, గట్టిగా బిగించి, పైన కాస్త వ్యాసలిన్ పూయండి. విప్పేటప్పుడు ఎర్త్ తీగ ముందు తీయాలి, బిగించేటప్పుడు చివర వేయాలి. ఇంజను ఒంటికి బిగించిన ఎర్త్ తీగ రెండో కొసను చాలామంది మరిచిపోతారు. అక్కడ తుప్పు ఉంటే కొత్త బ్యాటరీ వేసినా ఫలితం ఉండదు.

బ్యాటరీలో బలం ఎంత ఉందో తెలుసుకోవడం పాల సంఘం వారికి కష్టం కాదు. ల్యాక్టోమీటరు మనకు రోజూ చేతిలో ఉండేదే. నీళ్ళు కలిసిన పాలలో అది లోపలికి మునుగుతుంది. బ్యాటరీ హైడ్రోమీటరూ దాని తోబుట్టువే. మూతలు తీయగల బ్యాటరీలో నిండుగా ఛార్జి ఉంటే 1.260 నుంచి 1.280 దాకా చూపుతుంది. 1.200 దగ్గరికి దిగితే సగం ఖర్చయినట్టే. మూత లేని రకమైతే వోల్టుమీటరు పెట్టండి. బండి తిప్పకుండా కొన్ని గంటలు ఉంచాక 12.6 వోల్టులుంటే నిండు, 12 కు దిగితే దాదాపు ఖాళీ. పలకలు మునిగేలా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. అన్నట్టు, పాల ల్యాక్టోమీటరును బ్యాటరీలో ముంచకండి. నవ్వుతున్నారు గాని, ఒకచోట ఆ ప్రయత్నం జరగబోతే మేమే ఆపాం.

ఇక సెల్ఫ్ చురుకుగా తిరుగుతున్నా ఇంజను అందుకోకపోతే పొగగొట్టం చూడండి. డీజిల్ ఇంజనుకు పెట్రోలు ఇంజనులాగా ప్లగ్గు నిప్పురవ్వ ఉండదు. సిలిండరులో గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. తిప్పుతుంటే పొగ అసలే రాకపోతే డీజిల్ లోపలికి చేరడం లేదన్నమాట. తెల్లపొగ వస్తూ అందుకోకపోతే డీజిల్ చేరుతోంది గాని కాలడానికి వేడి చాలడం లేదు. సెల్ఫ్ నెమ్మదిగా తిరిగినా, ఇంజనులో అదుముడు తగ్గినా అలా అవుతుంది. అదుముడు తగ్గిన ఇంజనుకు మెకానిక్కు తప్పదు.

పొగ రాని బండ్లలో మేము ఎక్కువగా చూసింది గాలి పట్టడమే. ట్యాంకు ఖాళీ అయ్యేదాకా నడిపినా, ఫిల్టరు మార్చినా పైపుల్లో గాలి చేరుతుంది. ఆ గాలి తీయడం మీరే చేసుకోవచ్చు. ముందు ట్యాంకు నింపండి. మొదటి ఫిల్టరు మీదున్న గాలి మరను రెండు చుట్లు వదులు చేసి, ఫీడ్ పంపును చేత్తో ఆడించండి. కొన్ని బండ్లకు మీట, కొన్నిటికి మర విప్పి పైకీ కిందికీ కొట్టే గుబ్బ ఉంటుంది. మీట చేతికి బరువు తగలకుండా ఆడుతుంటే లోపలి క్యామ్ ఎత్తు మీద ఆగిందని అర్థం. ఇంజనును కొద్దిగా తిప్పి మళ్ళీ చూడండి. మొదట నురగగా వస్తుంది. బుడగలు పోయి నిండు డీజిల్ ధార వచ్చాక, పంపు ఆడిస్తూనే మర బిగించండి. అదే పని రెండో ఫిల్టరు దగ్గర, ఆపైన పెద్ద పంపు దగ్గర చేయండి. వరుస తప్పితే గాలి ముందుకే పోతుంది. అప్పటికీ అందుకోకపోతే ఇంజెక్టరు పైపుల నట్లు ఒక్క చుట్టు వదులు చేసి సెల్ఫ్ తిప్పి, డీజిల్ తొణికాక బిగించాలి. అక్కడ చేయి అడ్డం పెట్టవద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. సెల్ఫ్‌ను ఒక్కసారికి పది పదిహేను సెకండ్లకు మించి తిప్పకుండా, మధ్యలో నిమిషం ఆగండి.

మళ్ళీ మళ్ళీ గాలి పడుతుంటే ఎక్కడో పైపు పగిలిందో, వాషరు పోయిందో వెతకాలి. ఫిల్టరు గిన్నెలో అడుగున నీళ్ళు కనబడితే వదిలేయండి. సాయంత్రమే ట్యాంకు నింపి ఉంచితే రాత్రి లోపలి గాలిలోని తేమ నీరుగా దిగడం తగ్గుతుంది.

ఇక చెప్పడానికి మాకే సిగ్గయిన సంగతి. సెల్ఫ్ తిరగనప్పుడు కింద నిలబడి స్క్రూడ్రైవరుతో సెల్ఫ్ మోటారు టెర్మినల్స్ కలపడం చాలామందికి అలవాటు. మేమూ చేశాం. ఒకసారి గేరు పడి ఉందని చూసుకోలేదు. ఇంజను అందుకోగానే బండి ముందుకు దూకి, పాక గుంజను విరిచి ఆగింది. దూడను అప్పుడే అవతలికి కట్టారు. మనిషి పెద్ద చక్రానికి ఎదురుగా ఉంటే ఈ కథ చెప్పేవారు ఉండేవారు కారు. రక్షణ స్విచ్చి పెట్టింది దీనికే. స్క్రూడ్రైవరు దాన్ని దాటి పోతుంది. బండిని సీటులో కూర్చునే స్టార్టు చేయండి. అలా కాకపోతే ఆ పూటకు క్యాన్లు వేరే బండిలో పంపండి. గాలి గొట్టం దగ్గర పెట్రోలు గుడ్డ పెట్టడం, మంట చూపడం కూడా వద్దు. ఇంజను లోపల దెబ్బతింటుంది, మొహం కాలుతుంది.

బల్క్ కూలరు దగ్గర డీజిల్ జనరేటరు ఉన్న సంఘాల వారికి కూడా ఇందులో చాలా మటుకు వర్తిస్తుంది. కరెంటు పోయాక మొదలుపెట్టే పని కాదిది. వారానికి ఒకసారి పది నిమిషాలు ఊరికే నడిపి చూడండి.

బయట చెట్టు కింద ఒక ట్రాక్టరు నిలిపి ఉంచాం. దాని డీజిల్ పైపులో కావాలనే గాలి పట్టించాం. కార్యదర్శులు ఇద్దరిద్దరుగా వచ్చి గాలి తీయండి. పానాలు సీటు మీద ఉన్నాయి.