వెండి పతకం – హోదా, యోగ్యత
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎనభై ఏళ్ళు నిండిన సభ్యులను ఈ ఏడాది సన్మానించాలని మన కార్యవర్గం తలపెట్టింది. చాలా సంతోషం. అయితే గెజిటెడ్ హోదాలో రిటైరైన వారికి వెండి జ్ఞాపిక, మిగతా వారికి శాలువా అని ఒక సూచన వచ్చింది. దానిపై నిర్ణయం తీసుకునే ముందు ఒక వెండి పతకం చరిత్ర వినవలసిందిగా మనవి.

జర్మనీలో సాక్సనీ అనే రాజ్యం ఉండేది. రాజధాని డ్రెస్డెన్. 1871లో జర్మన్ సామ్రాజ్యంలో చేరిన తర్వాత కూడా దాని రాజు, దాని పతకాలు దానికి ఉండేవి. అక్కడ యుద్ధంలో చూపిన పరాక్రమానికి 1736లోనే సెయింట్ హెన్రీ పేరిట ఒక బిరుదు నెలకొల్పారు. అది ఆఫీసర్లకే. కింది హోదాల సైనికులకు బంగారు, వెండి పతకాలు ఏర్పాటు చేసింది 1796లో. అంటే సిపాయి సాహసం సర్కారు కంటపడడానికి 60 ఏళ్ళు పట్టిందన్నమాట! అప్పుడు కూడా ఆఫీసరుకు శిలువ, సిపాయికి పతకం.

తరువాత 1905 ఏప్రిల్ 23న రాజు మూడవ ఫ్రెడరిక్ ఆగస్ట్ తన పేరిట మరొక పతకం స్థాపించాడు. యుద్ధంలో గాని, శాంతికాలంలో గాని మంచి సేవ చేసిన వారికి ఇది. ఆఫీసర్లు కాని సైనికులు, వారితో సమాన స్థాయి గల పౌరులు దీనికి అర్హులు. వెండి, కంచు అని రెండు తరగతులు. సేవ గొప్పదైతే వెండి వస్తుందని మనం అనుకుంటాం. కాదండీ! ఆ కింది హోదాల్లోనే కాస్త పైవాడికి వెండి, అట్టడుగువాడికి కంచు. చేసిన పని ఒకటే అయినా లోహం మారిపోయేది. మన ఆఫీసుల్లో కుర్చీలు చూసిన వారికి ఇది కొత్త సంగతి కాదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మనీ ఓడింది. 1918 నవంబరు 13న ఆ రాజు సింహాసనం వదులుకున్నాడు. ఆ పతకాల ప్రదానానికీ కాలం చెల్లింది. 1919 నాటి జర్మన్ రాజ్యాంగం 109వ అధికరణం బిరుదులు, పతకాలు ప్రభుత్వం ఇవ్వరాదన్నది. చాలా ఏళ్ళకు, 1957లో, పశ్చిమ జర్మనీ ఒక చట్టం చేసి ఆ యుద్ధంలో అత్యున్నత పతకాలు పొందిన వృద్ధులకు నెలకు 25 మార్కుల గౌరవ భృతి మంజూరు చేసింది. ఫ్రెడరిక్ ఆగస్ట్ పతకం ఆ లెక్కలోకి రాలేదు. పతకం ఇచ్చిననాటి తారతమ్యం ముసలితనం దాకా వెంట వచ్చింది.

పదవీ విరమణతో మన హోదాలు సర్వీసు రిజిస్టరులోనే ఉండిపోయాయి. ఇక్కడ మనమందరం పెన్షనర్లమే. కాబట్టి అటెండరుగా చేసిన వారికీ, డిప్యూటీ కలెక్టరుగా చేసిన వారికీ ఒకే రకం జ్ఞాపిక ఇద్దాం. వయసు ప్రకారం పిలిచి, పెద్దవారికి ముందుగా ఇద్దాం. నిధులు చాలకపోతే అందరికీ శాలువాయే కప్పుదాం. ఈ ప్రతిపాదనను సభవారు ఆమోదించాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.