మా కారు ఏసీ ఎందుకు ఆగింది
(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం)

మా పొదుపు, అప్పు, రికవరీ లెక్కలు ఈ పుస్తకంలోనే ఉన్నాయి, అవి మళ్లీ చదవం. మాకిచ్చిన పది నిమిషాల్లో ఒక కారు ఏసీ సంగతి చెబుతాం. నవ్వకండి, ఆ ఏసీ వల్ల మా సంఘం రెండు ముక్కలు కాబోయింది.

బ్యాంకు లింకేజీ అప్పులోంచి మా సంఘంలో ఒక చెల్లె సెకండ్ హ్యాండ్ కారు తీసుకుంది. తనే నడుపుతుంది. ఆస్పత్రి బేరాలు, పెళ్లి బేరాలు, భద్రాచలం బేరాలు. బండి ఆమెది, కిస్తీ మాత్రం పదిమంది మెడకూ ఉంటుంది, అది మీకు తెలిసిందే. మార్చిలో ఏసీ ఆగిపోయింది. గాలి వస్తుంది కానీ వేడి గాలి. మా ఖమ్మం వైపు ఎండల్లో ఏసీ లేని కారు ఎవరెక్కుతారు? పట్నంలో ఒక షెడ్డుకు తీసుకుపోతే గ్యాస్ అయిపోయిందని నింపి 1,800 రూపాయలు తీసుకున్నారు. రెండు రోజులు చల్లగా వచ్చింది. మూడో రోజు మళ్లీ అంతే. ఈసారి కంప్రెషర్ పోయింది, 24,000 అవుతుందన్నారు.

శ్రీరామనవమికి భద్రాచలం బేరాలు నాలుగు పోయాయి. కిస్తీ ఆగింది. మీటింగులో మేం ఏమన్నామో దాచకుండా చెబుతాం. ‘ఏసీ పేరు చెప్పి కిస్తీ ఎగ్గొడుతున్నావా, పొద్దంతా ఏసీ పెట్టుకుని తిరిగి నువ్వే చెడగొట్టావు’ అన్నాం. ఆ చెల్లె ఏడ్చుకుంటూ లేచిపోయింది.

పొదుపు డబ్బులోంచి 24,000 తీయాలా వద్దా అని మేం కొట్లాడుకుంటుంటే, మా సంఘంలో ఒక అక్క మరిది, ఐటీఐలో మోటార్ మెకానిక్ చదివినవాడు, ‘ఒక్కసారి నన్ను చూడనివ్వండి వదినా’ అన్నాడు. మా ఇంటి ముందే, పొద్దున్నే, ఇంజను వేడెక్కకముందు చూశాడు. మేం పదిమందిమీ చుట్టూ నిలబడ్డాం.

ముందు బండి స్టార్ట్ చేసి ఏసీ బటన్ నొక్కమన్నాడు. కంప్రెషర్ ముందర ఉండే క్లచ్ ‘టక్’మని పట్టుకోవాలి. శబ్దం రాలేదు. కంప్రెషర్ తిరగట్లేదంటే అది పోయిందనే అర్థం కాదట, దానికి కరెంటు అందకపోయినా తిరగదట. ఫ్యూజు చూశాడు, బాగుంది. రిలే తీసి అదే బండిలో ఉన్న అలాంటి ఇంకో రిలే పెట్టి చూశాడు, మార్పు లేదు. తర్వాత ఇంజను ఆపి గేజీలు తగిలించాడు. రెండు ముళ్లూ ఒకే చోట, వంద పీఎస్ఐ దాటి నిలబడ్డాయి. ఆ పొద్దుటి వేడికి అది సరైన లెక్కే, అంటే లోపల గ్యాస్ ఉంది.

అప్పుడు చూపించాడు ప్రెషర్ స్విచ్చిని. కారు ముందు జాలీ వెనక ఉండే కండెన్సర్ నుంచి లోపలికి పోయే సన్న పైపు మీద బొటనవేలంత ముక్క, దానికి రెండు వైర్లు. గ్యాస్ మరీ తగ్గితే, సుమారు 2 బార్లకు దిగితే, అది కంప్రెషర్‌కు కరెంటు ఆపేస్తుంది. గ్యాస్ ఒత్తిడి బాగా పెరిగి సుమారు 30 బార్లకు పోయినా ఆపేస్తుంది. బండిని బట్టి ఈ లెక్కలు కొంచెం మారుతాయట. కుక్కర్‌కు సేఫ్టీ వాల్వు ఎట్లనో ఇదీ అట్లనే అనుకున్నాం మేం.

ప్లగ్గు ఊడదీసి మల్టీమీటరు రెండు పిన్నుల మీద పెట్టాడు. గ్యాస్ సరిపడా ఉన్నప్పుడు లోపల కలిసి ఉండాలి, మీటరు మోగాలి. మోగలేదు. ప్లగ్గులో పచ్చ తుప్పు ఉందేమో చూశాడు, లేదు. చివరికి ప్లగ్గులోని రెండు కొసలనూ ఒక వైరు ముక్కతో కొన్ని సెకన్లు మాత్రం కలిపాడు. టక్‌మంది! మేం చప్పట్లు కొట్టాం. లోపలి కాంటాక్టు ఒకసారి తగిలి ఒకసారి తగలకపోతే, మధ్యలో రెండు రోజులు బాగైనట్టే ఉంటుందట.

‘ఆ వైరు అట్లనే ఉంచెయ్, స్విచ్చి ఎందుకు’ అన్నాం మాలో కొందరం. అక్కడ ఆ పిల్లాడు కోప్పడ్డాడు. కంప్రెషర్‌కు నూనె అందేది గ్యాస్‌తో పాటే. గ్యాస్ కారిపోయినా తిరుగుతూ ఉంటే నూనె అందక పట్టేస్తుంది, అప్పుడు నిజంగానే 24,000. స్టార్టర్ డైరెక్ట్ చేసి బోరు మోటారు కాలబెట్టుకున్న ఇళ్లు మన ఊళ్లలో ఎన్ని లేవు! ఇంకోటి, మూడు వైర్లు ఉన్నది సెన్సార్. దాన్ని వైరు పెట్టి కలపకూడదు, స్కానర్‌తోనే చూడాలి.

కొత్త స్విచ్చి మా బండికి 650 పడింది. మార్చేటప్పుడు కళ్లద్దాలు, చేతి తొడుగులు వేసుకున్నాడు, ఎందుకంటే ఆ గ్యాస్ తగిలితే చర్మం గడ్డకట్టి కమిలిపోతుంది. కొన్ని బండ్లలో స్విచ్చి కింద చిన్న వాల్వు ఉంటుంది, స్విచ్చి విప్పగానే అది మూసుకుంటుంది. మా బండిలో అది ఉందని ముందే విచారించుకున్నాడు. లేని బండి అయితే గ్యాస్ మొత్తం మిషన్‌తో తీశాకే విప్పాలి. కాబట్టి ఇది మనం ఇంట్లో చేసుకునే పని కాదు. పైపు మెలితిరగకుండా ఒక స్పానర్‌తో పట్టుకుని, ఇంకో స్పానర్‌తో విప్పాడు. కొత్త ఓ-రింగుకు ఏసీ నూనె రాసి, ముందు చేత్తో తిప్పి, తర్వాత కొద్దిగా బిగించాడు. సబ్బు నురగ రాస్తే బుడగలు రాలేదు. కూలి 300 ఇచ్చాం, వద్దన్నా ఇచ్చాం. మొత్తం 950.

ఆ వారం మీటింగులో చెల్లెను పిలిచి మాట జారామని ఒప్పుకున్నాం. మినిట్స్ బుక్కులో కూడా రాశాం. రాయొద్దని ఇద్దరు అన్నారు, తిట్టింది అందరి ముందు కదా, అందుకే రాశాం. బండి రిపేరుకు పోతే ఏం పరీక్ష చేశారో అడగాలి, గేజీ ఎంత చూపిందో రాయించుకోవాలి, పాత సామాను వెనక్కి తేవాలి అని తీర్మానం చేసుకున్నాం. ఆగిన కిస్తీ జూన్‌లో కట్టింది, మే నెల పెళ్లిళ్లు కలిసొచ్చాయి.

పాత స్విచ్చి ఇదిగో, సంఘం పెట్టెలోంచి తెచ్చాం, చేతులు మార్చుకుంటూ చూడండి, పోగొట్టకండి. చెల్లె బండి బయట వేపచెట్టు కింద ఉంది, బానెట్ ఎత్తి చూపిస్తానంది. నాలుగింటికి ఆమెకు కొత్తగూడెం బేరం ఉంది, చూడాలనుకున్నవాళ్లు భోజనాలవగానే రండి.