చదవకుండా ‘ఓకే’ నొక్కవద్దు

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటర్ల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు ఆదేశించారు. నేను ఇంజనీరును కాను. ముప్పై ఏళ్లకు పైగా ఫైళ్లు నడిపిన గుమాస్తాను. అందుచేత నేను తప్పుచేసి నేర్చుకున్న ఒక్క సంగతి మాత్రం మనవి చేస్తాను.

నేను 2008లో పదవీ విరమణ చేశాను. మరుసటి సంవత్సరం మా ఇంట్లో రెండు పాత కంప్యూటర్లు ఉండేవి. ముందు గదిలోని దానిలో విండోస్ ఎక్స్‌పీ, లోపలి గదిలోని దానిలో అంతకంటే పాతదైన విండోస్ 98. ఇంటర్నెట్టు మాత్రం ముందు గదిలోనే. సాయంత్రమయ్యేసరికి జీ.వో.లు చూసుకోవాలని నేను, బడి పని ఉందని మా అమ్మాయి కొడుకు, ఒకే కుర్చీ కోసం పోటీ పడేవాళ్లం. వాడికి అప్పుడు పన్నెండేళ్లు. మా దగ్గరే ఉండి చదువుకునేవాడు.

ఎక్స్‌పీలో ‘ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్’ అనే సదుపాయం ఉండేది. మొదటి కంప్యూటరుకు రెండు నెట్‌వర్క్ కార్డులు ఉండాలి. ఒకదానికి మోడెం తీగ, రెండోదాని నుంచి లోపలి కంప్యూటరుకు క్రాస్‌ఓవర్ కేబుల్. షేరింగ్ పెట్టగానే మొదటి కంప్యూటరు తన రెండో కార్డుకు 192.168.0.1 అనే చిరునామా వేసుకుంటుంది. లోపలి దానికి వేరే నంబరు అదే ఇస్తుంది. మనం చేయవలసిందల్లా లోపలి దానిలో ‘చిరునామా ఆటోమేటిక్‌గా తీసుకో’ అని పెట్టడమే.

నేను అలా చేయలేదు. మొదటి దానిలో కనిపించిన నంబరును నమూనా అనుకుని, రెండోదానిలోనూ అదే టైపు చేశాను. తెర మీద ఇంగ్లీషులో ఏదో పెట్టె వచ్చింది. చదవకుండా ‘ఓకే’ నొక్కేశాను. లోపలి గదిలో ఇంటర్నెట్టు రాలేదు.

మెకానిక్కు వచ్చి కేబుల్ మార్చి మూడు వందలు తీసుకున్నాడు. ఫలితం లేదు. నా అనుమానం మనవడి మీదికి పోయింది. “ఆటలు ఎక్కించి పాడుచేశావు” అని కేకలేసి, ఇక కంప్యూటరు ముట్టుకోవద్దన్నాను. వాడు ఎదురు చెప్పలేదు. పది రోజులు నాతో మాట్లాడలేదు. అన్నం దగ్గర కూడా తల ఎత్తేవాడు కాదు. చివరికి మా ఆవిడ, “సంజాయిషీ అయినా అడగకుండా శిక్ష వేశారు. ఆఫీసులోనూ ఇలాగే చేసేవారా?” అంది. ఆ మాట గుచ్చుకుంది.

మర్నాడు మనవణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, ఫైలు మొదటి పేజీ నుంచి చూసినట్టు ఒక తెల్లకాగితం మీద వరుసగా రాసుకున్నాం. ముందు గదిలో ఇంటర్నెట్టు వస్తోందా? వస్తోంది. కనుక లైను, మోడెం బాగున్నాయి. కేబుల్ రెండు కొసల దగ్గరా కార్డు మీద చిన్న లైటు వెలుగుతోందా? వెలుగుతోంది. కనుక కేబుల్‌ను అనుమానించనక్కరలేదు. షేరింగ్ దగ్గర టిక్కు ఉందా? ఉంది. ఇక మిగిలినవి చిరునామాలు. రెండింటి సెట్టింగులూ తెరిచి పక్కపక్కనే రాయమన్నాను. వాడు రాస్తూ రాస్తూ ఆగి, “తాతయ్యా, రెండింటికీ ఒకే నంబరుంది” అన్నాడు.

ఒకే ఇన్‌వర్డు నంబరు రెండు కాగితాలకు వేస్తే ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కరలేదు గదా! ఈ చిరునామా వేరొక కంప్యూటరుకు ఉన్నదనే ఆ రోజు ఆ పెట్టె చెప్పింది. ఆఫీసులో చదవకుండా ఒక్క నోటు మీద కూడా సంతకం పెట్టని నేను, ఇంట్లో పెట్టేశాను. రెండోదాన్ని ఆటోమేటిక్‌కు మార్చి, ఆపి మళ్లీ స్టార్టు చేశాం. పేజీ తెరుచుకుంది.

“తప్పు నాదిరా” అన్నాను. “అయితే ఇక ముట్టుకోవచ్చా?” అని అడిగాడు వాడు.

ఆ కంప్యూటర్లు ఇప్పుడు లేవు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, విండోస్ 7కు 2020 జనవరి 14తో, విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో కంపెనీ సాధారణ మద్దతు ముగిసింది. మీ ఇంట్లో అటువంటి పాతవి ఉంటే వాటిలో బ్యాంకు పనులు చేయకండి. నేడు నంబర్లు పంచే పని వైఫై రూటరు చేస్తోంది. అయినా వెతికే వరుస అదే. ముందు లైట్లు, తరువాత తీగ, తరువాత ఇంకొక ఫోనులో వస్తోందో లేదో, చివరికి సెట్టింగులు. ఒకసారికి ఒక్కటే మార్చండి. మార్చినది కాగితం మీద రాయండి.

ముఖ్యంగా, తెర మీద వచ్చిన పెట్టెను చదవకుండా నొక్కకండి. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చాక లైఫ్ సర్టిఫికెట్టు ఇంటి నుంచే ఇవ్వగలుగుతున్నాం. దాన్ని ఆసరా చేసుకుని, “మీ పెన్షను ఆగిపోతుంది, ఈ లింకు నొక్కండి” అని మోసగాళ్లు మెసేజీలు పంపుతున్నారు. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దు. డబ్బు పోయిందంటే సిగ్గుపడి దాచకుండా వెంటనే 1930కి ఫోను చేయండి. అర్థం కాకపోతే పిల్లల్ని అడగండి. అడిగే ముందు మాత్రం వాళ్ల మీద కేకలు వేయకండి.