వృద్ధ చిరుతపులి - గ్రామస్థుల కర్తవ్యము

(బంట్వారములో చేసిన ప్రసంగ పాఠము)



చిరుతపులి తిరుగుచున్నదన్న మాట పుట్టినచో ఆ రాత్రి ఊరిలో ఎవరికిని నిదుర పట్టదు. ఆ భయము సహజము. రెండు మేకలు పోయినచో ఒక పేద కుటుంబమునకు ఆ యేటి ఆధారమే పోవును. అనంతగిరి కొండలు మనకు ఎంతో దూరములో లేవు. కావున ఈ మృగమును గూర్చి, ముఖ్యముగా దాని ముసలితనమును గూర్చి, నాలుగు మాటలు మనవి చేయుదుము.

2022 సంవత్సరపు అంచనా ప్రకారము మన దేశములో 13,874 చిరుతలు ఉన్నవి. అందు తెలంగాణములోనివి 297. మన వ్రేలిముద్రల వలెనే ఒక చిరుత ఒంటి మచ్చలు మరియొక దానికి ఉండవు. అడవిలో అమర్చిన కెమెరాలలో పడిన చిత్రములను పోల్చి చూచి, ఒకే చిరుత జీవితమును ఏండ్ల తరబడి గమనించుటకు వీలగుచున్నది.

అడవిలో చిరుత సాధారణముగా 12 నుండి 15 ఏండ్లకు మించి బ్రదుకదు. వయసు మీరిన కొలది కోరలు పసుపు వారి, అరిగి, విరుగును. పరుగు తగ్గును. వయసులోనున్న మగ చిరుత వచ్చి ముసలి దానిని దాని నెలవు నుండి తరిమివేయును. అప్పుడది అడవి అంచునకు చేరి, కుక్కలను, మేకలను వెదకుకొనవచ్చును.

అట్లని ముసలి చిరుతలన్నియు మనుష్యులపై బడునా? పొరుగున నున్న మహారాష్ట్రములో జరిగిన సంగతి వినుడు. 2009లో అహమదునగరము జిల్లా టాక్లీ ఢోకేశ్వర్ వద్ద ఒక మగ చిరుత బావిలో పడినది. విద్యా ఆత్రేయ అను శాస్త్రజ్ఞురాలి బృందము దాని మెడకు, ఉపగ్రహముల ద్వారా జాడ తెలుపు పట్టీని కట్టి మాల్షేజ్ కనుమలో విడిచినది. ముదురు వయసుదని తోచుటచే దానికి 'ఆజోబా' అని పేరు పెట్టిరి. మరాఠీలో ఆజోబా యనగా తాత. ఆ తాత పొలములను, ఊళ్ళను, రహదారులను దాటుచు నెల దినములలో సుమారు 120 కిలోమీటర్లు నడచి ముంబాయి చెంతనున్న అడవికి చేరెను. దారిలో ఏ మనిషికిని హాని చేయలేదు. 2011 డిసెంబరులో రహదారిపై వాహనము తాకి మరణించెను. శరీరములో అమర్చిన చిన్న గుర్తు బిళ్ళ వలన అది ఆజోబా యని తెలిసినది. దాని ప్రాణము తీసినది ముదిమి కాదు, మోటారు బండి.

రుద్రప్రయాగ చిరుత కథ వేరు. 1918 మొదలు 1926 వరకు అది 125 మందిని చంపినట్లు ప్రభుత్వ లెక్క. 1926 మే 2న జిమ్ కార్బెట్ దానిని కాల్చినప్పుడు దాని పండ్లు అరిగి, ఒక కోర విరిగి యుండెను. కాని నరమాంసము రుచి మరిగినది అంతకు ఎనిమిదేండ్ల ముందే. ఇన్‌ఫ్లుయెంజా రోజులలో దహనము కాక మిగిలిన శవములే దానికి కారణమని కార్బెట్ తలచెను. దీనిని బట్టి ముదిమి ఒక్కటే కారణము కాదని స్పష్టము.

కావున మనము చేయవలసినదేమి? చచ్చిన పశువులను ఊరి అంచున పారవేయక పూడ్చవలెను. మేకలను రాత్రి పైకప్పు గల దొడ్డిలో కట్టవలెను. చీకటిలో పిల్లలను ఒంటరిగా పంపరాదు. చిరుత కనబడినచో గుంపుగా చుట్టుముట్టరాదు. దారి వదలి అటవీ శాఖకు తెలుపవలెను. పశువు పోయినచో, అధికారులు వచ్చి చూచి పరిహారమునకు వ్రాసికొను వరకు కళేబరమును కదల్పరాదు. దానిపై విషము చల్లుట, పొలమునకు కరెంటు తీగ కట్టుట ఎన్నడును కూడదు. ఆ తీగకు మన బిడ్డలే బలి కావచ్చును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము చిరుతను చంపిన వారికి 3 నుండి 7 ఏండ్ల కారాగార శిక్ష కలదు. మనుష్యుల ప్రాణమునకు అపాయకరమైనను, కోలుకొనలేని రోగము పాలైనను, ఏమి చేయవలెనో నిర్ణయించు అధికారము ఆ చట్టము ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికే ఇచ్చినది.

మన దొడ్డి భద్రముగా నున్నచో మేకయు బ్రదుకును, ముసలి చిరుతయు తన దారిని తాను పోవును. ఈ రాత్రియే మీ దొడ్డి తలుపు ఒకసారి చూచుకొనుడని మా మనవి.