ఆభా నంబర్ ఇచ్చే ముందు ఒక్క నిమిషం

ఆసుపత్రిలో ఓపీ చీటీ కోసం నిలబడితే "ఆ క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యండి" అంటున్నారు కదా. లైను తగ్గుతుంది, మంచిదే. 2021లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఇచ్చే 14 అంకెల నంబరే ఈ ఆభా.

మన రిపోర్టులన్నీ ఢిల్లీలో ఒకేచోట దాస్తారని చాలామంది అనుకుంటారు. అలా కాదు. ఏ ఆసుపత్రి రిపోర్టు అక్కడే ఉంటుంది, మీరు ఒప్పుకుంటేనే ఇంకో డాక్టరుకి కనిపించాలి. రూలు అది. కానీ ఆ ఆసుపత్రి కంప్యూటర్ ఎంత భద్రం? 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీదే సైబర్ దాడి జరిగింది. ఎయిమ్స్ అండీ! రోజుల తరబడి అన్నీ చేత్తో రాసుకున్నారు.

పాస్‌వర్డ్ బయటపడితే మార్చుకుంటాం. డిప్రెషన్‌కి మందులు వాడిన సంగతి పెళ్లిచూపులకి ముందే అవతలివాళ్లకి తెలిసిపోతే? దాన్నేం మారుస్తాం?

ఆభా తప్పనిసరి కాదు. తీసుకున్నా, యాప్‌లో ఎవరికి, ఎప్పటిదాకా అనుమతి ఇచ్చారో చూసుకోవచ్చు, రద్దు కూడా చెయ్యొచ్చు. అలాగే అమ్మానాన్నల ఫోన్లూ ఓసారి తీసి చూడండి. కౌంటర్లో అడగ్గానే ఓటీపీ చెప్పేసి ఉంటారు, దేనికో వాళ్లకే తెలీదు.