బద్ధకం కాదు, వయసు
(యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేను ప్రజారోగ్యం చదువుతున్న విద్యార్థినిని. కౌమార వయస్కుల ఆరోగ్యం, ఎదుగుదల నా పరిశోధనాంశం. ఈ కొద్ది నిమిషాల్లో ఒక్క విషయమే చెబుతాను. మన పిల్లల నిద్ర.

షార్జాలో మా ఇంటి ముందుకు, దుబాయిలోని బడికి వెళ్లే బస్సు ఉదయం ఆరింటికే వచ్చేది. ఐదింటికి తమ్ముణ్ణి లేపడం రోజూ ఒక యుద్ధం. నాన్నగారు ట్రాఫిక్‌లో చిక్కుకుని రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరేవారు. అందరం కలిసి భోంచేశాక వాడు హోంవర్కు ముగించి పడుకునేసరికి పదకొండున్నర. "వీడికి బద్ధకం" అని ఇంటిల్లిపాదీ తేల్చేశాం. పదో తరగతిలో ఒకసారి లెక్కల పరీక్ష రాస్తూ బల్లమీదే నిద్రపోయాడు. ఆ రోజు వాణ్ణి అందరికంటే ఎక్కువ తిట్టింది నేనే.

ఈ చదువులో చేరాక నా తప్పు తెలిసింది. యుక్తవయసులో శరీరంలోని గడియారం గంట, రెండు గంటలు ఆలస్యంగా నడుస్తుంది. నిద్రకు సంకేతమిచ్చే మెలటోనిన్ రాత్రి ఆలస్యంగా ఊరుతుంది. టీనేజి పిల్లలకు 8 నుంచి 10 గంటల నిద్ర అవసరం. మా తమ్ముడికి దక్కింది ఐదున్నర గంటలు. అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2014లోనే హైస్కూళ్లు ఉదయం 8:30కి ముందు మొదలు కాకూడదని సూచించింది. కాలిఫోర్నియా 2019లో చట్టం చేసి, 2022 నుంచి చాలా హైస్కూళ్లలో ఆ వేళను అమలు చేసింది.

నిద్ర పట్టకపోవడానికి గడియారం ఒక్కటే కారణం కాదు. ఎమిరేట్స్ బడుల్లో 2005, 2010, 2016లలో విద్యార్థుల ఆరోగ్య సర్వే జరిగింది. దిగులుతో నిద్ర పట్టని రాత్రులు ఎంత తరచుగా ఉన్నాయన్నది అలాంటి సర్వేల్లో ఒక ప్రశ్న. మనం మార్కులెన్ని అని అడుగుతాం. ఈ ప్రశ్న మాత్రం అడగం.

బస్సు వేళ మన ఒక్కరి చేతిలో లేదు; తల్లిదండ్రులందరూ కలిసి బడిని అడగాలి. నాన్న కోసం ఆగే భోజనాన్ని మానమని నేను చెప్పను. పిల్లలు మనసు విప్పే సమయం అదే. హోంవర్కు, ట్యూషను మాత్రం అంతకు ముందే ముగియాలి. సెల్‌ఫోను పడకగది బయట ఉండాలి.

తమ్ముడు ఇప్పుడు హైదరాబాదులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మొన్న రాత్రి ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. "అక్కా, ఇక్కడ అర్ధరాత్రి దాటింది. పడుకోనీ" అన్నాడు.

ఈసారి పడుకోనిచ్చాను. మీరూ మీ పిల్లల్ని పడుకోనివ్వండి. సెలవు.