వజ్రంలోని దోషం – వెలుగు లెక్క

(సుగటూరు ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పుడే పంచాంగ శ్రవణం అయినది. గ్రహాల నడకను గుణించి చెప్పడం మనకు క్రొత్త కాదు. వజ్రంలోని ఒక చిన్న దోషాన్ని ఎలా గుణిస్తారో నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

మనం బంగారు గనుల సీమవాళ్ళం. మూడు కిలోమీటర్ల లోతు దాటిన కోలారు గనులు 2001లో మూతబడినవి. కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాల కీర్తి కూడా మనకు తెలిసినదే. వజ్రాల వర్తకుడు రాయి చేతపట్టగానే దోషం వెదుకుతాడు, ధర తగ్గించడానికి. శాస్త్రజ్ఞుడు మాత్రం ఒకానొక దోషాన్ని కోరి వెదుకుతాడు.

వజ్రం కర్బన పరమాణువుల కట్టడం. ఆ వరుసలో ఒక పరమాణువు లోపించి, దాని ప్రక్క స్థానంలో నత్రజని చేరితే, ఆ జంట ఆకుపచ్చ కాంతి తగలగానే ఎర్రగా వెలుగుతుంది. ఇటువంటి కేంద్రాన్ని ఒంటరిగా, విడిగా 1997లో చూడగలిగారు. స్వల్పమైన అయస్కాంత క్షేత్రాన్ని కూడా అది పసిగడుతుంది.

ఎరుపే ఎందుకు? దానికి లెక్క కట్టాలి. ఖాళీ చుట్టూ ఉన్న మూడు కర్బనాలు తలా ఒక ఎలక్ట్రాను, నత్రజని రెండు ఇస్తవి. బయటినుండి మరొకటి చేరుతుంది. మొత్తం ఆరు. ఆరే గదా అనుకోరాదు. ఒకదాని నడక మిగిలిన అన్నిటినీ కదిలిస్తుంది. చుట్టూ వజ్రమంతా ఉన్నది. ఎలక్ట్రాన్లను విడివిడిగా వెంబడించక, వాటి సాంద్రతను బట్టి శక్తిని గుణించే దారిని 1964, 65లలో వాల్టర్ కోన్, ఆయన సహచరులు చూపారు. కోన్‌కు 1998లో నోబెల్ బహుమానం వచ్చింది.

కంప్యూటరులో కొన్ని వందల కర్బన పరమాణువులను పేర్చి, ఒకటి తీసివేసి, ఒకటి మార్చి, తక్కినవి ఎక్కడ కుదురుకుంటాయో చూస్తారు. ఎలక్ట్రాన్ల క్రింది మెట్టుకూ పై మెట్టుకూ గల శక్తి భేదమే రంగును నిర్ణయిస్తుంది. ప్రయోగంలో ఆ గీత 637 నానోమీటర్ల వద్ద కనబడుతుంది. అయితే వెలుగులో నూటికి మూడు నాలుగు పాళ్ళే ఆ గీతలో ఉంటుంది. మిగిలినది వజ్రపు కంపనాలతో శక్తిని పంచుకొని ఇంకా ఎర్రని వైపు పరచుకుంటుంది. కనుక కంపనాలనూ గుణించాలి.

ఏ మెట్టునుండి ఏ మెట్టుకు దిగవచ్చునో చెప్పేది సౌష్ఠవం. ఈ కేంద్రాన్ని దాని అక్షం చుట్టూ మూడవ వంతు త్రిప్పినా రూపం మారదు. అటువంటి సౌష్ఠవాన్ని లెక్కలోకి తెచ్చేది సమూహ సిద్ధాంతం. ఇక్కడ మనవారిని తలచుకోవాలి. సూరి భగవంతంగారు 1930లోనే వజ్రం చెదరగొట్టే కాంతిని పరిశీలించారు. ఆయన వెంకటరాయుడుగారితో కలిసి ఈ సిద్ధాంతాన్ని భౌతికశాస్త్ర సమస్యలకు అన్వయిస్తూ వ్రాసిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో ప్రచురించింది. తరువాత ఆయన మనకు దగ్గరి బెంగుళూరులోనే భారత విజ్ఞాన సంస్థకు డైరెక్టరుగా ఉన్నారు.

ఈ లెక్కకు గని అక్కరలేదు. గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటరు, ఓర్పు కావాలి. ఇంట తెలుగు, బడిలో కన్నడం, పై చదువుకు ఇంగ్లీషు అంటూ మూడు భాషల నడుమ పెరిగే మన పిల్లలు లెక్కలంటే బెదిరి పదవ తరగతితో ఆగిపోకుండా చూడడం మన బాధ్యత. ఆడపిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. గనులు మూతబడిన సీమలో మనం పిల్లలకు ఇవ్వగల ఆస్తి ఈ చదువే.